గట్టున ఏ మొక్క వుంచాలి, ఏ తీగ పెరకాలి?



వింజమూరు, ఉదయగిరి, ఆత్మకూరు మెట్టల్లో నిమ్మ, బత్తాయి తోటలు వున్నవారు తోటలో పురుగు కనబడగానే, "గట్టు మీద కంపంతా తగులబెడితే గాని యీ పీడ పోదు" అంటూ వుంటారు. తొందరపడకండి. ఏ పురుగు ఏ ఆకు తింటుందో తెలిసికొని మరీ కత్తి పట్టాలి.

సీతాకోకచిలుక అయినా, రాత్రిపూట తిరిగే రెక్కల పురుగు అయినా, కనబడిన ప్రతి మొక్క మీదా గుడ్డు పెట్టదు. ఆడ సీతాకోకచిలుక ఆకుపై వాలి ముంగాళ్లతో రుచి చూచి, తన పిల్లలకు సరిపడే ఆకు అయితేనే గుడ్డు పెట్టును. జిల్లేడు ఆకు తినే చారల పురుగు నిమ్మ జోలికి రాదు. జిల్లేడు పాలలోని విషాన్ని ఒంట పట్టించుకొనుటచేత దానిని పక్షులు కూడా ముట్టవు. తంగేడు, రేల ఆకులు తినే ఆకుపచ్చ పురుగులు పసుపు, తెలుపు సీతాకోకచిలుకలై ఎగిరిపోతాయి. వీటివల్ల మీ తోటకు నష్టం లేదు. తంగేడు పచ్చిరొట్టకు పనికివస్తుంది కూడా. కనుక వుండనివ్వండి.

ఇక నిమ్మను తినే సీతాకోకచిలుక వున్నది. నిమ్మకు చుట్టాలైన వెలగ, మారేడు చెట్ల మీదా, బావంచి మొక్క మీదా కూడా యిది పెరుగుతుంది. పిల్ల పురుగు పిట్టరెట్ట మాదిరి వుంటుంది. పెద్దదైతే ఆకుపచ్చగా మారును. ముట్టుకొంటే తల వెనుకనుంచి ఎర్రని కొమ్ములు చాచి ఘాటైన వాసన వదలును. నారుమళ్లలో, లేత మొక్కల మీద దీనిని చేత్తో ఏరివేస్తే చాలు. పెద్ద చెట్లకు అంత భయం లేదు. దీనికోసం వెలగచెట్టు కొట్టనక్కర లేదు.

అసలు శత్రువు మరొకటి. పండబోయే బత్తాయికి సూదితో పొడిచినట్టు చిన్న రంధ్రం, దాని చుట్టూ కుళ్లు, తరువాత కాయ రాలటం చూచారా? అది రాత్రివేళ వచ్చి రసం పీల్చే రెక్కల పురుగు పని. దాని తొండానికి పండుతోలు పొడిచే బలం వున్నది. దాని వెనుక రెక్కలు నారింజ రంగులో, నల్లమచ్చలతో వుంటవి. దాని పిల్లలు బత్తాయి ఆకు ముట్టవు. కంచెమీది తిప్పతీగ, దూసరతీగ ఆకులు తిని పెరుగుతాయి. అనగా, పురుగు మీ కంచెలో పెరిగి మీ పండుకు వస్తున్నదన్నమాట! ఆముదపు ఆకు తినే దాసరి పురుగు కూడా రెక్కలు వచ్చాక పండ్ల రసానికి ఎగబడును.

కావున చేయవలసినవి యివి:

1. తోట కంచెలోని తిప్పతీగ, దూసరతీగ వేళ్లతో సహా పెరకండి. తిప్పతీగ ముక్క కంచెమీద మిగిలితే మళ్లీ చిగురిస్తుంది. ముక్కలన్నీ ఏరి తీసివేయాలి.

2. మందుకోసం తిప్పతీగ కావలసినవారు తోటకు దూరంగా, ఇంటి దగ్గర ఒకటి పెంచుకోండి.

3. రాలిన కాయలు తోటలో వుంచక లోతుగా పూడ్చండి. కుళ్లిన పండ్ల వాసనకే పురుగు వస్తుంది.

4. చెట్లు కొద్దిగా వున్నవారు బత్తాయి కాయలకు కాగితపు సంచులు కట్టండి.

కొండ అడవిలో తీగలన్నీ పెరకటం సాధ్యమూ కాదు, మంచిదీ కాదు. ఈ పురుగు దూరంనుంచి ఎగిరి రాగలదు. కాబట్టి ఒక్కరు పెరికితే ఫలితం తక్కువ. పక్కపక్క తోటలవారంతా ఒక్కసారిగా యీ పని చేయాలి. గ్రామంలో తెలిసినవారు దీనికి పూనుకొని, ఏ తీగ పెరకాలో, ఏ మొక్క వుంచాలో గట్టుమీదనే చూపిస్తే తంగేడు బ్రతుకుతుంది, బత్తాయీ నిలుస్తుంది.