కంచె చేను మేసిన వేళ

కంచె చేనును కాపాడుతుందని రైతు నమ్మకం. ఆ కంచెయే చేను మేస్తే ఎవరితో చెప్పుకోవాలి? శరీరాన్ని రక్షించవలసిన రోగనిరోధక శక్తి ఒక్కొక్కప్పుడు శరీరాన్నే దహించడం ఇటువంటి విపరీతమే. వైరస్ వలన కలిగే తీవ్రమైన న్యుమోనియాలో ఇది స్పష్టంగా కానవస్తుంది.

మన ఊపిరితిత్తులలో కోట్లకొలది సూక్ష్మమైన గాలి సంచులున్నాయి. వాటి పలుచని గోడల గుండానే ప్రాణవాయువు రక్తంలో చేరుతుంది. వైరస్ ఈ గోడల కణాలలో ప్రవేశించగానే అవి సైటోకైన్లు అనే మాంసకృత్తులను వెలువరిస్తాయి. ఇవి అపాయాన్ని చాటే దూతల వంటివి. వీటి పిలుపునందుకొని తెల్ల రక్తకణాలు తరలివచ్చి వైరస్‌ను ఎదుర్కొంటాయి. పని ముగిసిన పిమ్మట ఈ సంరంభం చల్లారడం ప్రకృతి నియమం.

కాని కొందరిలో అది చల్లారదు. వచ్చిన కణాలు మరిన్ని దూతలను పంపుతాయి. ఆ దూతలు మరిన్ని కణాలను రప్పిస్తాయి. రక్తనాళాల గోడలు సడలి గాలి సంచులలోనికి ద్రవం ఊరుతుంది. సూక్ష్మనాళాలలో రక్తం గడ్డకడుతుంది. రోగి ఎంత ఆయాసపడి శ్వాసించినా ప్రాణవాయువు రక్తానికి చాలినంత అందదు. దీనినే ‘సైటోకైన్ తుఫాను’ అని వ్యవహరిస్తున్నారు. ఈ పేరు కోవిడ్‌కు తగదని వాదించే శాస్త్రజ్ఞులూ లేకపోలేదు. పేరు ఏదైనా, అదుపు తప్పిన వాపు ఊపిరితిత్తులకు చేసే హాని మాత్రం యథార్థం.

1918 నాటి ఇన్‌ఫ్లుయెంజా వృద్ధులతోపాటు దృఢకాయులైన యువజనులను సైతం పెద్ద సంఖ్యలో బలిగొన్నది. ఆనాటి మరణాలలో పెక్కింటికి తరువాత సోకిన బాక్టీరియా న్యుమోనియా కారణమని భద్రపరచిన కణజాలాలు తెలిపాయి. అయితే పునర్నిర్మించిన ఆ వైరస్‌ను కోతులకు సోకించి 2007లో ప్రకటించిన ప్రయోగంలో, వాటి నిరోధక స్పందన కూడ అదుపు తప్పినట్లు తేలింది.

2020లో కోవిడ్ విజృంభించినపుడు వైద్యుల ముందు ఒక ధర్మసంకటం నిలిచింది. నిరోధక శక్తిని అణచకుంటే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. అణచితే వైరస్ చెలరేగవచ్చు. బ్రిటన్‌లో జరిగిన ‘రికవరీ’ పరీక్ష దీనికి సమాధానమిచ్చింది. ఆరువేలకు పైబడిన రోగులను రెండు వర్గాలుగా విభజించి, ఒక వర్గానికి డెక్సామెథసోన్ అనే పాత, చౌకైన స్టెరాయిడ్‌ను రోజుకు 6 మిల్లీగ్రాముల చొప్పున, పది రోజులకు మించకుండ ఇచ్చారు. వెంటిలేటర్‌పై ఉన్నవారిలో 28 రోజుల లోపు మరణాలు నూటికి 41 నుండి 29కి తగ్గాయి. ఆక్సిజన్ మాత్రమే అవసరమైనవారిలో 26 నుండి 23కి తగ్గాయి. ఆక్సిజన్ అవసరం లేనివారికి మాత్రం ఏ మేలూ కలుగలేదు. కీడు కలిగే సూచన కూడ కనిపించింది.

అనగా మందు ఒక్కటే. వేళను బట్టి అది అమృతమో, అపాయమో కాగలదు. ఈ సత్యాన్ని విస్మరించినందుకు ఎందరో మూల్యం చెల్లించారు. 2021లో మన దేశంలో మ్యూకర్‌మైకోసిస్ ప్రబలడానికి అదుపులేని మధుమేహంతోపాటు విచక్షణారహితమైన స్టెరాయిడ్ల వాడకం కూడ ఒక ముఖ్య కారణం. ఆనాడు హైదరాబాదులోని కోఠి ఇ.ఎన్.టి. ఆసుపత్రి ఈ వ్యాధి చికిత్సకు ప్రధాన కేంద్రమైంది.

‘నీమ్ హకీమ్ ఖత్రా ఎ జాన్’ అని ఉర్దూలో ఒక సామెత. అరకొర వైద్యం ప్రాణానికే ముప్పు అని దాని భావం. విద్యార్థులమైన మనం ఇంటింటా చెప్పవలసిన మాట ఇదే: జ్వరం రాగానే చీటీ లేకుండ స్టెరాయిడ్ కొనరాదు, శ్వాస భారమైతే ఆసుపత్రికి చేరడంలో జాగు చేయరాదు. కంచెను ఎప్పుడు నిలపాలో, ఎప్పుడు నిలువరించాలో నిర్ణయించవలసినవాడు వైద్యుడే.