చినుకు పడకపోయినా వెనక్కి ఎందుకు తిరిగాం?
ఫాక్స్ రివర్ ట్రైల్, మారే వాతావరణం, మన సైకిల్ బృందం పద్ధతి



వసంతం వచ్చింది కాబట్టి మన ఆదివారం సైకిల్ యాత్రలు మళ్ళీ మొదలవుతున్నాయి. ఈసారి బయల్దేరే ముందే ఒక విషయం వివరంగా చెప్పుకోవాలని బృందంలోని వాలంటీర్లం అనుకున్నాం. కిందటి జూన్‌లో ఒక యాత్రను సగంలో ఆపి అందరినీ వెనక్కి తీసుకొచ్చాం. కార్ల దగ్గరికి వచ్చి, సైకిళ్ళు ర్యాకులకు కట్టి, గంటసేపు చూసినా ఒక్క చినుకు పడలేదు. జెనీవాలో ఐస్‌క్రీమ్ కోసం ఆశపడిన పిల్లలు మూతి ముడుచుకున్నారు. "ఇంతోటి దానికి ఇంత హడావిడి ఎందుకు?" అని పెద్దలు కూడా అడిగారు. మరోవైపు ఒక కుటుంబం, అంత ప్రమాదం ఉంటే మా పిల్లల్ని ఇక పంపం అని చెప్పింది.

రెండూ న్యాయమైన మాటలే. అందుకే ఆ రోజు మేము ఏం లెక్క వేశామో, ఇక ముందు ఏం లెక్క వేస్తామో ఇక్కడ రాస్తున్నాం. చదివాక మీరే ఒక నిర్ణయానికి రండి.

మన దారి ఎలాంటిది?

ఫాక్స్ నది విస్కాన్సిన్‌లో పుట్టి, దక్షిణంగా పారుతూ అటవా దగ్గర ఇల్లినాయ్ నదిలో కలుస్తుంది. దాని ఒడ్డునే అరోరా, బటేవియా, జెనీవా, సెయింట్ చార్ల్స్ ఊళ్ళను కలుపుతూ మన ట్రైల్ సాగుతుంది. దీనితో కలిసే ఇల్లినాయ్ ప్రెయిరీ పాత్ ఒకప్పుడు ఎలక్ట్రిక్ రైలు నడిచిన దారి. ఆ రైల్లో ప్రయాణికుల సేవ 1957లో ఆగిపోయింది. ఆ దారిని నడిచేవాళ్ళకూ సైకిళ్ళకూ ఇవ్వాలని మే వాట్స్ అనే ప్రకృతి శాస్త్రవేత్త 1963లో షికాగో ట్రిబ్యూన్‌కు ఉత్తరం రాశారు. అలా పుట్టిన దారి అది. రైలు కోసం వేసింది కాబట్టి ఎత్తుపల్లాలు తక్కువ. అరవై దాటిన వాళ్ళు కూడా హాయిగా తొక్కవచ్చు.

ఈ సుఖంలోనే ఒక చిక్కు ఉంది. ఊళ్ళ మధ్య చాలా చోట్ల ఒక పక్క నది, మరో పక్క చెట్లు. తలదాచుకోవడానికి భవనాలు దూరదూరంగా ఉంటాయి. చెట్ల వల్ల పడమటి ఆకాశం కూడా సరిగ్గా కనిపించదు. ఇక్కడ పెద్ద గాలివానలు ఎక్కువగా పడమటి వైపు నుంచే వస్తాయి. అంటే మబ్బు కంటికి కనిపించేసరికే ఆలస్యమైపోతుంది.

ఆ రోజు లెక్క

ఆ రోజు నార్త్ అరోరా నుంచి బయల్దేరి రెడ్ ఓక్ నేచర్ సెంటర్ దాటాం. కార్లు రెండు మైళ్ళ వెనక ఉన్నాయి. జెనీవాకు ఇంకా నాలుగు మైళ్ళకు పైనే ఉంది. తలమీద ఎండ కాస్తోంది. రాడార్‌లో మాత్రం పడమట డికాల్బ్ మీద ఉరుముల మబ్బుల వరుస ఒకటి కనిపించింది. అక్కడికీ మనకూ సుమారు 23 మైళ్ళు. అది గంటకు 40 మైళ్ళ వేగంతో కదులుతోంది.

23 మైళ్ళు అంటే దాదాపు 35 నిమిషాలు. అయితే పిడుగు మబ్బు కిందే పడాలని లేదు. వాన పడే చోటికి 10 మైళ్ళ దూరంలో కూడా పడగలదు. కాబట్టి మిగిలింది 13 మైళ్ళు, అంటే 20 నిమిషాలు. పైగా ఫోన్‌లో కనిపించే రాడార్ బొమ్మ అప్పటికప్పటిది కాదు, నాలుగైదు నిమిషాలు పాతది కావచ్చు. ఆ ఐదు నిమిషాల్లో మబ్బు మూడు మైళ్ళు ముందుకు వచ్చేసి ఉంటుంది.

పిల్లలతో కలిసి మనం తొక్కేది గంటకు ఎనిమిది మైళ్ళు. రెండు మైళ్ళు వెనక్కి రావడానికి 15 నిమిషాలు. జెనీవాకు వెళ్ళాలంటే అరగంటకు పైనే. వెనక్కి తిరిగితే సరిగ్గా సరిపోతుంది, ముందుకు వెళితే సరిపోదు. అంతే లెక్క.

మబ్బు తర్వాత దక్షిణంగా జారిపోయింది. అది జారిపోతుందని ఆ నిమిషంలో ఎవరూ చెప్పలేరు. ఇలాంటి ఆరు సందర్భాల్లో ఐదుసార్లు వాన రాలేదనుకుందాం. ఆ ఐదుసార్లు మనం పోగొట్టుకునేది తలా ఒక గంట, ఒక ఐస్‌క్రీమ్. ఆరోసారి పోయేదాన్ని ఐస్‌క్రీమ్‌తో తూచలేం. చేతులు కాలాక ఆకులు పట్టుకోకూడదనే మన పెద్దలు చెప్పారు. అందుకే వాన రాకపోవడాన్ని మేము తప్పు నిర్ణయానికి గుర్తుగా తీసుకోం. బయల్దేరినప్పుడూ, తిరిగినప్పుడూ చేతిలో ఉన్న సమాచారాన్ని సరిగ్గా చదివామా లేదా అన్నదే చూస్తాం.

"30 శాతం వాన" అంటే?

ఫోన్‌లో 30 శాతం అని కనబడితే కొందరు రోజులో 30 శాతం సేపు వాన అనుకుంటారు. కొందరు ఊళ్ళో 30 శాతం మేర పడుతుందనుకుంటారు. వాతావరణ శాఖ ఉద్దేశం వేరు. చెప్పిన వ్యవధిలో, మీరున్న చోట, కనీసం అంగుళంలో వందో వంతు వాన పడే అవకాశం అంత. అలాంటి రోజులు పది వస్తే సుమారు మూడు రోజులు మీరు తడుస్తారు. ఆ అంకె ఎంత జోరుగా పడుతుందో చెప్పదు, పిడుగులు ఉంటాయా అన్నదీ చెప్పదు. రోజంతా ముసురు పట్టే 80 శాతం రోజు కంటే, మధ్యాహ్నం ఉరుములు వచ్చే 30 శాతం రోజు సైకిల్ మీద ఉన్నవాళ్ళకు ఎక్కువ ప్రమాదం. అందుకని శాతం ఒక్కటే చూడకండి. గంట గంటకూ ఇచ్చే అంచనాలో "థండర్‌స్టార్మ్" అనే మాట ఉందేమో వెతకండి.

వాచ్, వార్నింగ్ అనే రెండు మాటల తేడా కూడా ఇంట్లో అందరికీ తెలియాలి. వాచ్ అంటే గాలివానకు కావలసిన సరుకంతా సిద్ధంగా ఉందని. వార్నింగ్ అంటే అది ఎవరికో కనబడిందని, లేదా రాడార్‌లో కనబడిందని. వాచ్ ఉన్న రోజు మన యాత్ర ఉండదు. వార్నింగ్ వస్తే ఎక్కడున్నా వెంటనే భవనంలోకి వెళ్ళాలి.

"ఫోన్ మోగుతుందిగా" అని చాలామంది అంటారు. టోర్నడో వార్నింగ్‌కు మోగుతుంది. కానీ గంటకు 58 మైళ్ళ గాలి, అంగుళం సైజు వడగళ్ళు అని చెప్పే మామూలు తీవ్ర గాలివాన వార్నింగ్‌కు ఆ అత్యవసర మోత రాదు. గాలి 80 మైళ్ళకు చేరుతుందనో, బేస్‌బాల్ అంత వడగళ్ళు పడతాయనో అంచనా ఉన్నప్పుడే వస్తుంది. 58 మైళ్ళ గాలికి ట్రైల్ పక్కన కొమ్మలు విరిగిపడతాయి. ఫోన్ మోగలేదు కదా అని ధీమాగా ఉండకూడదు.

కొత్తగా వచ్చిన అమ్మానాన్నలకు ఒక మాట. నెలలో మొదటి మంగళవారం ఉదయం 10 గంటలకు ఊళ్ళో సైరన్ మోగితే అది పరీక్ష, కంగారు పడకండి. మిగతా రోజుల్లో మోగితే మాత్రం బేస్‌మెంట్‌లోకి వెళ్ళండి. 1990 ఆగస్టు 28న మనకు దక్షిణాన ఉన్న ప్లెయిన్‌ఫీల్డ్ మీద విరుచుకుపడిన టోర్నడో 29 మందిని బలి తీసుకుంది.

ఉరుము వినిపిస్తే

మన ఇళ్ళల్లో ఉరుము వినగానే అర్జునుడి పేర్లు తలుచుకుంటారు. తలుచుకోండి, తలుచుకుంటూనే లోపలికి నడవండి. ఇప్పుడు ఆంధ్రలో మనవాళ్ళ ఫోన్లకు కూడా విపత్తుల నిర్వహణ సంస్థ పిడుగు హెచ్చరికలు పంపుతోంది. చెట్ల కింద నిలబడవద్దని అందులో చెబుతారు. ఇక్కడా అదే సూత్రం.

మెరుపు కనిపించాక ఉరుము వినిపించేదాకా సెకన్లు లెక్కపెట్టి, ఐదుతో భాగిస్తే దూరం మైళ్ళలో వస్తుంది. పిల్లలకు ఈ లెక్క నేర్పండి, సరదాగా చేస్తారు. అయితే నిర్ణయానికి ఆ లెక్క అక్కర్లేదు. ఉరుము చెవిన పడిందంటే పిడుగు పడే దూరంలో మనం ఉన్నట్టే.

పిక్నిక్ షెల్టర్ వానను ఆపుతుంది కానీ పిడుగును ఆపదు. నాలుగు గోడలు, కరెంటు తీగలు, నీళ్ళ పైపులు ఉన్న భవనం మంచిది. లేదా పైన లోహపు కప్పు ఉన్న కారులో అద్దాలు ఎత్తుకుని కూర్చోవాలి. చివరి ఉరుము విన్నాక 30 నిమిషాలు ఆగాలి. మధ్యలో మళ్ళీ ఉరిమితే లెక్క మళ్ళీ మొదటికి వస్తుంది.

వాన కంటే చలి, చలి కంటే గాలి

మన ఊళ్ళో జూలై వానలో తడిస్తే వెచ్చని టీ తాగి తల తుడుచుకుంటే సరిపోయేది. ఆ అలవాటుతోనే ఇక్కడ ఏప్రిల్ వానను తేలిగ్గా తీసుకుంటాం. ఇక్కడ ఏప్రిల్ వాన 45, 50 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో పడుతుంది, అంటే 10 సెల్సియస్ దాటదు. ఒంట్లోని వేడిని గాలి కంటే నీళ్ళు ఎన్నో రెట్లు వేగంగా లాగేస్తాయి. తడిసిన నూలు బట్టలు, జీన్స్ ఒంటికి అతుక్కుని ఆ పనిలో నీళ్ళకు సాయం చేస్తాయి. వణుకు ఆగకపోవడం, బ్రేకు పట్టలేనంతగా వేళ్ళు మొద్దుబారడం, మాట తడబడటం కనిపిస్తే అది జలుబు కాదు. వెంటనే వెచ్చని చోటికి తీసుకెళ్ళి తడి బట్టలు మార్చాలి.

సైకిల్ మీద వెళ్ళేటప్పుడు గాలిని మనమే పుట్టిస్తాం. ఆకు కదలని రోజున 40 డిగ్రీల్లో గంటకు 15 మైళ్ళ వేగంతో వెళితే ఒంటికి తగిలే చలి 32 డిగ్రీలది, అంటే నీరు గడ్డకట్టేంత.

మన ట్రైల్ ఉత్తర దక్షిణాలుగా ఉంది కాబట్టి గాలి దిక్కు ముఖ్యం. గాలి లేనప్పుడు 12 మైళ్ళ వేగంతో వెళ్ళేవాళ్ళకు అంతే వేగంతో ఎదురుగాలి వీస్తే, అదే వేగం నిలబెట్టుకోవడానికి నెట్టుకెళ్ళాల్సిన గాలి బలం నాలుగింతలు అవుతుంది. అందుకే వెళ్ళేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనకగాలి ఉండేలా యాత్ర దిశ ఎంచుకుంటాం. బటేవియా ఒకప్పుడు గాలిమరలు తయారుచేసిన ఊరు. ఫ్యాక్టరీలు పోయినా పాత మరలు కొన్ని నది ఒడ్డున నిలబెట్టారు, ఆగినప్పుడు పిల్లలకు చూపించండి. వెచ్చని దక్షిణపు గాలి ఒక్కసారిగా వాయవ్యానికి తిరిగితే శీతల గాలి ముఖం దాటిందని అర్థం. అప్పుడు గంటలోనే 20 డిగ్రీలు పడిపోవచ్చు. ఉదయం ఎండగా ఉన్నా పల్చటి జాకెట్ తెమ్మనేది అందుకే.

వాన వెలిశాక

వాన ఆగగానే దారి బాగుపడదు. ప్రెయిరీ పాత్‌లో చాలా భాగం సున్నపురాయి పొడి పరిచిన దారి. తడిస్తే మెత్తబడి చక్రాలు దిగబడతాయి, మన చక్రాల గాడి మిగతావాళ్ళకు గుంత అవుతుంది. జోరువాన పడితే ఒక రోజైనా ఆగుదాం. చెక్క వంతెనలు, రాలిన ఆకులు, రోడ్డు మీది పెయింట్ గీతలు తడిసినప్పుడు జారతాయి. వాటి మీద బ్రేకు వేయకుండా, మలుపు తిప్పకుండా నెమ్మదిగా దాటాలి. రైలు పట్టాలను అడ్డంగా, తిన్నగా దాటాలి. రిమ్‌ను పట్టే బ్రేకులైతే తడిలో ఆగడానికి ఎక్కువ దూరం కావాలి.

రోడ్డు వంతెనల కింద నుంచి వెళ్ళే చోట్ల నీళ్ళు నిలిచి ఉంటే సైకిల్ దింపవద్దు. వేగంగా పారే ఆరు అంగుళాల నీరు పెద్దవాళ్ళను పడగొడుతుంది. 1996 జూలై 17, 18 తేదీల్లో మన అరోరాలో 24 గంటల్లో 16.91 అంగుళాల వాన పడింది. ఇల్లినాయ్ రాష్ట్రంలో అది రికార్డు.

ఈ సీజన్‌లో మన పద్ధతి

శనివారం రాత్రి, ఆదివారం ఉదయం బయల్దేరే గంట ముందు అంచనా చూసి యాత్ర ఉందో లేదో చెబుతాం. దారిలో 20 నిమిషాలకోసారి ఒక వాలంటీర్ ఆగి రాడార్ చూస్తారు. ప్రతి దశలోనూ దగ్గరి భవనం ఏదో బయల్దేరే ముందే అందరికీ చెబుతాం.

"వెనక్కి" అనే హక్కు అందరికీ ఉంది. ఎనిమిదేళ్ళ పాప ఉరుము విన్నానని చెప్పినా ఆగుతాం. తిరగాలా అని ఓటింగ్ పెట్టం, ఒక్కరు చాలనుకుంటే చాలు. ముందుకే వెళదాం అనాలంటే మాత్రం అందరూ ఒప్పుకోవాలి.

మీరు తేవలసినవి: హెల్మెట్, గాలి ఆపే పల్చటి జాకెట్, నూలు కాని చొక్కా, ఒక జత పొడి సాక్సులు, నీళ్ళు, ముందూ వెనకా లైట్లు, చార్జ్ చేసిన ఫోన్. పెద్దలు చెప్పులు కాకుండా బూట్లు వేసుకోవాలి. చీర, పంచె గొలుసులో చిక్కుకుంటాయి కాబట్టి ఆ ఒక్కరోజుకు ప్యాంటు మేలు. కారులో ఒక తువ్వాలు, ఫ్లాస్కులో వేడి టీ ఉంచుకోండి. యాత్ర పూర్తయినా, మధ్యలో తిరిగొచ్చినా ఆ టీ అందరం కలిసే తాగుదాం.