కూర్చుని లేవడం

తిరుమలకు అలిపిరి మార్గాన నడచి వెళ్ళినవారికి మోకాళ్ళ పర్వతం పరిచితమే. ఏడుకొండలపై పాదం మోపడానికి మనసొప్పక రామానుజాచార్యులవారు మోకాళ్ళతోనే ఎక్కినారని పెద్దలు చెప్పుకొనే చోటది. మా అమ్మ ముప్పయి ఏండ్లనాడు ఆ మెట్లను అట్లే ఎక్కి మొక్కు తీర్చుకొన్నది. ఆ తల్లియే నిరుడు వేసవిలో, కళ్యాణదుర్గంలోని మా ఇంట, దేవుని గూటి ముందు పీటమీదినుండి లేవలేక చాలాసేపు అక్కడే ఉండిపోయింది. నేను పిలిస్తే, “మొక్కుకుంటాండా లేప్పా” అన్నది. ఆ మాట నిజం కాదని నాకు తెలియడానికి అట్టే సేపు పట్టలేదు.

మోకాటి కీలులో ఎముకల కొనలను కప్పి మెత్తని మృదులాస్థి ఉంటుంది. అది క్రమంగా క్షీణిస్తుంది. దానితోపాటు ఎముక, కీలు పొర, చుట్టూ ఉన్న కండరాలు కూడ మార్పు చెందుతవి. దీనినే లోకంలో ‘కీళ్ళ అరుగుదల’ అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2019లో ఇట్టి కీళ్ళ వ్యాధితో జీవిస్తున్నవారు సుమారు 52.8 కోట్లు, వారిలో 60 శాతం స్త్రీలు. అన్నిటికంటె ఎక్కువగా దెబ్బతినేది మోకాలే. వయస్సు, స్థూలకాయం, పాత గాయాలు మాత్రమే దీనికి కారణాలు కావు. ఏండ్ల తరబడి గొంతుకూర్చుని, మోకరిల్లి, బరువులెత్తి చేసే పనులు కూడ దీనికి దోహదం చేస్తాయని పరిశోధకులు గుర్తించారు.

ఇక మా సీమ సంగతి చూడండి. దేశంలో వాన మిక్కిలి తక్కువగా కురిసే జిల్లాలలో అనంతపురం ఒకటి. ఇక్కడి మెట్టచేలకు వేరుశనగే ఆధారం. కలుపు తీసేది నేలమీద కూర్చుని. పెరికిన చెట్లనుండి కాయలు కోసేది నేలమీద కూర్చుని. ఇంటికి వస్తే భోజనమూ నేలమీదనే, పెండ్లి పంక్తీ నేలమీదనే. ఇట్టిచోట మోకాలు చెడితే నడక ఒక్కటే చెడదు. కూలి పోతుంది, పదిమంది నడుమ కూర్చునే చోటు పోతుంది.

ఈ వ్యాధిగ్రస్తుల నిత్యజీవనాన్ని కొలవడానికి వైద్యులు ప్రశ్నావళులు రచించారు. కెనడాలోని వెస్టర్న్ ఒంటారియో, మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయాల పేరిట ప్రసిద్ధమైన ‘వోమాక్’లో 24 ప్రశ్నలున్నవి. మెట్లు దిగగలరా, కారు ఎక్కగలరా, మేజోళ్ళు తొడుక్కోగలరా, స్నానపు తొట్టిలోనికి దిగగలరా అని అది అడుగుతుంది. దానిని విస్తరించి 1998లో వెలువరించిన ‘కూస్’లో 42 ప్రశ్నలు. గొంతుకూర్చోవడమూ మోకరిల్లడమూ అందులో ఉన్నవి. కాని పరుగు, గెంతుల సరసన, ఆటలు–వినోదాల పద్దు క్రింద! మా ఆడవారికి బ్రతుకుదెరువైన పని అక్కడ ఆట అయినది. ఇది వారి దోషం కాదు. ఎవరి ఇంటి నేలను బట్టి వారి కొలబద్ద. మన ప్రశ్నలు మనం అడుగుకోవలె: సాలులో కూర్చుని కలుపు తీయగలవా? బస్సు మెట్టు ఎక్కగలవా? పంక్తిలో కూర్చుని లేవగలవా? మరుగుదొడ్డికి పోయి రాగలవా? ఈ కడపటి ప్రశ్నకు తల్లి కొడుకుతో జవాబు చెప్పదు. మా అమ్మ ఏడాదిగా పెండ్లిళ్ళు మానుకొని ఎండ వంక చెప్పింది. దొడ్డికి పోవలసి వస్తుందని నీళ్ళు తాగడం తగ్గించింది. ఎక్స్‌రే చిత్రంలో ఇవేవీ కనబడవు. పైగా చిత్రంలోని అరుగుదలకూ మనిషి పడే బాధకూ ఎల్లవేళల పొంతన ఉండదు.

“వయసు మీద పడింది, మూల కూర్చోమ్మా” అనడం ప్రేమే కావచ్చు. అది వైద్యం కాదు. కదలని కాలికి తొడకండరం బలహీనపడుతుంది, కీలుకు ఆసరా తగ్గుతుంది. అందుచేతనే వ్యాయామం ఈ వ్యాధికి ముఖ్యచికిత్సలలో ఒకటి. కుర్చీలో కూర్చుని కాలు చాపి కొన్ని క్షణాలు నిలపడం వంటి తేలిక సాధనతో అది మొదలు కావచ్చు. స్థూలకాయులు 1 కిలో బరువు తగ్గితే అడుగడుగునా మోకాటిపై భారం సుమారు 4 కిలోలు తగ్గుతుందని 2005లో ఒక పరిశోధన తేల్చింది. చేతికర్రను నొప్పి లేని వైపు చేత పట్టవలె. వ్యాధి ముదిరితే కీలుమార్పిడి ఉండనే ఉన్నది; వాజపేయిగారు ప్రధానిగా ఉండగానే 2000లో ఒక మోకాటికి, 2001లో రెండవదానికి ఆ చికిత్స చేయించుకొన్నారు.

ఉపాధ్యాయమిత్రులకు ఒక మనవి. 1991లో వెలువడిన తేలిక పరీక్ష ఒకటున్నది. కుర్చీనుండి లేచి, 3 మీటర్లు మామూలుగా నడచి, తిరిగి వచ్చి కూర్చోవలె. 12 సెకండ్లో, అంతకు మించో పడితే ఆ మనిషి జారిపడే ప్రమాదమున్నదని గ్రహించి వైద్యునికి చూపవలె. సుద్దముక్కతో గీత గీసి, విద్యార్థులచేత ఇంటింటి అవ్వకూ తాతకూ ఈ పరీక్ష చేయించండి. పిల్లలు ప్రక్కన నిలిచి చేయి అందించడానికి సిద్ధంగా ఉండవలె.

మా అమ్మకు మొదట 19 సెకండ్లు పట్టింది. నా మనుమరాలు ప్రతి ఉదయం లెక్కపెడుతూ సాధన చేయిస్తున్నది, ఇప్పుడు 14. పీట పోయి కుర్చీ వచ్చింది. నీళ్ళు మళ్ళీ తాగుతున్నది. మొన్న బంధువుల పెండ్లికి పిలుపు వస్తే, ఎండ మాట ఎత్తకుండా, “ఆడ కుర్చీ ఉంటుందా, అడుగప్పా” అన్నది.