యాభై దాటాక వేగం ఎందుకు?

మన సంఘం సభ్యుల్లో ఉదయం నడకకు వెళ్ళేవారు ఎప్పుడూ ఉన్నారు. బెంగళూరులో 2008లో పది కిలోమీటర్ల పరుగు మొదలయ్యాక పరుగెత్తే పెద్దవాళ్ళూ పెరిగారు. యాభై ఏడేళ్ళ బ్యాంకు ఉద్యోగిని, నేనూ అందులో ఒకణ్ణి. మా అందరికీ ఇంట్లో వినిపించే మాట ఒకటే: "పరుగెత్తితే పరుగెత్తారు, మెల్లగా వెళ్ళకూడదటండీ?"

మా ఆవిడ భయానికి అర్థం ఉంది. ఆమె అన్నగారు 54 ఏళ్ళకే గుండెపోటుతో పోయారు. అందుకే ట్రెడ్‌మిల్ పరీక్ష చేయించుకుని, డాక్టరుగారు సరేనన్నాకే నేను వేగం జోలికి వెళ్ళాను. బీపీ, షుగరు ఉన్నవారు, ఇంట్లో గుండెజబ్బు చరిత్ర ఉన్నవారు ఈ పరీక్ష తప్పించుకోకూడదు.

మెల్లగా ఎంతసేపు పరుగెత్తినా మంచిదే. కాని వయసు మీద పడేకొద్దీ, శరీరం వాడుకోగలిగే ప్రాణవాయువు పదేళ్ళకు సుమారు పది శాతం చొప్పున తగ్గుతూ వస్తుంది. మా లెక్కల్లో దీన్ని తరుగుదల అంటాం. ఆపలేం, నెమ్మదింపజేయగలం. అందుకు గుండె చేత అప్పుడప్పుడు గట్టిగా పని చేయించాలి. ఏకబిగిన అంత వేగం ఎవరివల్లా కాదు కనుక కొంతసేపు వేగం, కొంతసేపు తెరిపి. ఇదే ఇంటర్వల్ ట్రైనింగ్.

చెకోస్లొవేకియా వీరుడు ఎమిల్ జాటోపెక్ 400 మీటర్ల ముక్కలుగా ఇలా సాధన చేసి, 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో 5,000, 10,000 మీటర్లు, మారథాన్ మూడూ గెలిచాడు. ఆయన లెక్కలు మనకొద్దు. నార్వేలో ట్రాండ్‌హైమ్ విశ్వవిద్యాలయం వారు ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి మన వయసుకు నయం. పది నిమిషాలు మెల్లగా పరుగెత్తి ఒళ్ళు వేడెక్కాక, నాలుగు నిమిషాలు గట్టిగా, మూడు నిమిషాలు మెల్లగా; ఇలా నాలుగు విడతలు. గట్టిగా అంటే ప్రాణం మీదికి తెచ్చుకోవడం కాదు. పక్కవారితో రెండు మాటలు మించి మాట్లాడలేనంత, అంతే. నాలుగో విడత కూడా మొదటి దానంత వేగంగా రావాలి. రాలేదంటే నెల మొదటి వారంలోనే జీతం ఖర్చు పెట్టినట్టు!

అదే విశ్వవిద్యాలయం 70 నుంచి 77 ఏళ్ళ మధ్యవారిని 1,567 మందిని అయిదేళ్ళు గమనించి, 2020లో ఫలితాలు ప్రకటించింది. ఇలా కష్టపడినవారు మిగతావారికన్నా ఎక్కువకాలం బతికారని గట్టిగా తేలలేదు. కనుక ఆయుష్షుకు నేను హామీ సంతకం పెట్టను. మేడమెట్లెక్కితే ఆయాసం తగ్గిందని మాత్రం నా అనుభవం మీద చెప్పగలను.

నేను బుధవారం ఒక్కరోజే చేస్తాను. గురు, శుక్రవారాలు నడకే. కుర్రవాళ్ళు మర్నాటికే తేరుకుంటారు, మనకు రెండు మూడు రోజులు పడుతుంది. మడమ వెనక నరం పట్టేస్తే ఆ వారం మానేస్తాను. ఛాతీలో బరువుగా అనిపించినా, కళ్ళు తిరిగినా అక్కడికక్కడే ఆపి ఆసుపత్రికి వెళ్ళాలి.

మోకాళ్ళ నొప్పులున్నవారు పరుగే పెట్టనక్కరలేదు. లాల్‌బాగ్ బండ చకచకా ఎక్కినా గుండెకు పని పడుతుంది. యానాం వంటి పల్లపు ఊళ్ళో ఉన్నవారికి మేడమెట్లున్నాయి. దిగేటప్పుడు మాత్రం కమ్మీ పట్టుకుని, నెమ్మదిగా.