మానిటైజ్ అంటే సంపాదించడమేనా?



ఈమధ్య మన ఇళ్ళలో ఓ ఇంగ్లీషు మాట తెగ వినబడుతోంది. "పిన్నిగారూ, మీ వంటల ఛానల్ మానిటైజ్ అయిందా?" అంటారు. సంపాదన మొదలైందా అని అడుగుతున్నారనుకుంటాం. కాని ఆ రెండూ ఒకటి కాదండీ.

సంపాదించడానికి ఇంగ్లీషులో 'ఎర్న్' అనే మాట ఉండనే ఉంది. జీతాన్ని ఎర్న్ చేస్తాంగాని మానిటైజ్ చెయ్యం. జీతం ఎలాగూ డబ్బే కదా! డబ్బు కానిదాన్ని డబ్బు తెచ్చిపెట్టేలా చెయ్యడం మానిటైజ్. యూట్యూబులో వీడియోలకు ప్రకటనల వాటా రావాలంటే మామూలుగా 1000 మంది చందాదారులు, 12 నెలల్లో జనం చూసిన సమయం 4000 గంటలూ ఉండాలి. అప్పుడు ఛానల్ మానిటైజ్ అవుతుంది. అంటే డబ్బు రావడానికి వీలు కలిగిందని. అయినా ఖాతాలో 100 డాలర్లు పోగయ్యేదాకా పైసా చేతికి రాదు.

ఈ మాట పుట్టుక తమాషాగా ఉంటుంది. ప్రాచీన రోములో జూనో మొనేటా అనే దేవత గుడి దగ్గర నాణేలు ముద్రించేవారు. 'మనీ' అన్న మాట ఆవిడ పేరు నుంచే వచ్చింది. జూనో పెళ్ళయిన స్త్రీలను కాపాడే దేవత. డబ్బుకు పేరిచ్చింది ఇల్లాళ్ళ దేవతన్నమాట! 19వ శతాబ్దంలో లోహాన్ని డబ్బుగా చలామణీలో పెట్టడాన్ని మానిటైజ్ అన్నారు. ఆ చలామణీ తీసేస్తే డీమానిటైజ్. 2016 నవంబరు 8 రాత్రి 500, 1000 నోట్లకు జరిగిందదే. పోపులడబ్బాలో దాచుకున్నవాళ్ళకు ఆ మాట విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇక బంగారం సంగతి. 2015లో కేంద్ర ప్రభుత్వం గోల్డ్ మానిటైజేషన్ పథకం పెట్టింది. బీరువాలో ఊరికే పడివున్న బంగారాన్ని బ్యాంకులో వేస్తే వడ్డీ ఇస్తామన్నారు. వినడానికి లాకరులో పెట్టినట్టే ఉంటుంది. కాని ఇందులో నగను కరిగిస్తారు. రాళ్ళూ పూసలూ తీసేసి, మేలిమి ఎంతో తేల్చి, ఆ బరువే లెక్కలో రాస్తారు. గడువు తీరాక డబ్బుగానో బంగారంగానో వస్తుందేగాని, అమ్మమ్మ కాసులపేరు కాసులపేరుగా తిరిగి రాదు. తాకట్టు సంగతి వేరు. బాకీ తీరిస్తే మన నగ మనకొస్తుంది.

2025 మార్చిలో ఈ పథకంలో మధ్యకాలిక, దీర్ఘకాలిక డిపాజిట్లు ఆపేశారు. స్వల్పకాలిక డిపాజిట్లు మాత్రం బ్యాంకుల ఇష్టానికి వదిలారు. బ్యాంకువాళ్ళు మానిటైజ్ అన్న మాట ఎత్తితే, వడ్డీ ఎంతని అడిగేముందు "కరిగిస్తారా?" అని అడగండి.