కణత్వచం ద్వారా పదార్థాల రవాణా

కణానికి కావలసిన పదార్థాలు లోపలికి చేరడం, అక్కరలేనివి వెలుపలికి పోవడం కణత్వచం గుండా జరుగుతాయి. ఈ రాకపోకలనే కణత్వచం ద్వారా పదార్థాల రవాణా అంటారు. బయటి పరిస్థితులు ఎలా మారినా శరీరం లోపలి నీరు, లవణాలు, ఉష్ణోగ్రత వంటివాటిని జీవి దాదాపు ఒకే స్థాయిలో నిలుపుకోవడాన్ని సమస్థితి అంటారు. మొదటిది కణాల పని, రెండవది ఆ పని ఫలితం. కడప జిల్లాలో పాపాఘ్ని నది పెన్నలో కలిసే చోటికి దగ్గరగా ఉన్న కమలాపురం వంటి ఊళ్లలో వేసవి పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటడం మామూలే. ఆ ఎండలో చేనులోని మొక్క వాడకుండా ఉండాలన్నా, కూలిపనికి పోయిన మనిషి సాయంత్రం క్షేమంగా ఇల్లు చేరాలన్నా ఈ రవాణా సక్రమంగా జరగాలి.

కణత్వచం నిర్మాణం

కణత్వచం మందం సుమారు 7 నుండి 8 నానోమీటర్లు. ఇందులో ఫాస్ఫోలిపిడ్ అణువులు రెండు వరుసలుగా అమరి ఉంటాయి. వాటి తలలు నీటి వైపునకు, కొవ్వు తోకలు త్వచం మధ్యకు తిరిగి ఉంటాయి. ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ వంటి చిన్న అణువులు ఈ కొవ్వు పొరను సులువుగా దాటిపోతాయి. సోడియం, పొటాషియం అయాన్లు, గ్లూకోజు దాటలేవు. వాటికోసం త్వచంలో ప్రత్యేకమైన ప్రోటీన్లు ఉంటాయి. ఒక్కొక్క ప్రోటీను తనకు తగిన పదార్థాన్నే పోనిస్తుంది. కనుక కణత్వచాన్ని విచక్షణా త్వచం అంటారు.

నీటి సంగతి చాలాకాలం తేలలేదు. కొవ్వు పొర గుండా నీరు కొద్దికొద్దిగా పోగలదు గాని, ఎర్ర రక్తకణాలలోను, మూత్రపిండాలలోను కనిపించే వేగాన్ని దానితో వివరించడం సాధ్యం కాలేదు. 1992లో అమెరికా శాస్త్రవేత్త పీటర్ ఆగ్రే బృందం నీటిని మాత్రమే పోనిచ్చే ప్రోటీను మార్గాన్ని గుర్తించింది. దానికి ఆక్వాపోరిన్ అని పేరు. ఇందుకు ఆగ్రేకు 2003లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

వ్యాపనం, ద్రవాభిసరణం

పదార్థం ఎక్కువ గాఢత గల చోటు నుండి తక్కువ గాఢత గల చోటికి తనంత తానుగా వ్యాపించడం వ్యాపనం. విచక్షణా త్వచం గుండా నీరు పలుచని ద్రావణం వైపు నుండి చిక్కని ద్రావణం వైపునకు పోవడం ద్రవాభిసరణం. రెండింటికీ కణం శక్తిని ఖర్చు చేయనక్కరలేదు.

ద్రవాభిసరణం ప్రతి వంటింట్లోనూ జరుగుతున్నదే. నిమ్మకాయ ముక్కలకు ఉప్పు కలిపి జాడీలో పెడితే, ఒక్క చుక్క నీరు పోయకపోయినా మరునాటికి ఊట దిగుతుంది. ఆ నీరు ముక్కల కణాలలోనిదే. బయటి ఉప్పు గాఢత ఎక్కువ కావడంతో అది త్వచాలను దాటి వెలుపలికి వచ్చింది. ఊరగాయలో పడిన సూక్ష్మజీవులకూ ఇదే గతి పడుతుంది. అవి తమలోని నీటిని కోల్పోయి పెరగలేవు. అందుకే ఉప్పు చాలని ఊరగాయ బూజు పడుతుంది. అయితే 'ఊరడం' అన్న ప్రతిచోటా ద్రవాభిసరణం ఉందనుకోరాదు. ఏటి ఇసుకలో తవ్విన చెలమలో నీరు ఊరడం కేవలం పల్లానికి చేరే నీటి ప్రవాహం. అక్కడ త్వచమేదీ లేదు.

ఎర్ర రక్తకణాలను ఉప్పు లేని నీటిలో వేస్తే నీరు లోపలికి చొచ్చుకుపోయి అవి ఉబ్బి పగులుతాయి. చిక్కని ఉప్పునీటిలో వేస్తే ముడుచుకుపోతాయి. ఆసుపత్రిలో ఎక్కించే సెలైన్‌లో ఉప్పు సరిగా 0.9 శాతం ఉండడానికి కారణం ఇదే.

సక్రియ రవాణా

గాఢత తక్కువ ఉన్న చోటు నుండి ఎక్కువ ఉన్న చోటికి పదార్థాన్ని పంపాలంటే శక్తి కావాలి. ఇది సక్రియ రవాణా. మన కణాల లోపల పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. బయట ఇందుకు విరుద్ధం. ఈ తేడాను నిలిపేది సోడియం-పొటాషియం పంపు. దీనిని డెన్మార్క్ శాస్త్రవేత్త జెన్స్ స్కౌ 1957లో వెల్లడించాడు. 1997 నోబెల్ బహుమతిలో ఆయనకు భాగం దక్కింది. ఈ పంపు ఒక ఏటీపీ అణువును ఖర్చు చేసి మూడు సోడియం అయాన్లను బయటికి నెట్టి, రెండు పొటాషియం అయాన్లను లోపలికి తెస్తుంది. విశ్రాంతిగా ఉన్న మనిషి వినియోగించే శక్తిలో సుమారు ఐదో వంతు ఈ ఒక్క పనికే పోతుంది.

ఆ ఏటీపీని కండరాల నుండి వేరుచేసిన వారిలో తెలుగువాడున్నాడు. భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్కేతో కలిసి 1929లో ఈ పదార్థాన్ని ప్రకటించాడు. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా విడిగా దీనిని కనుగొన్నాడు.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. నీటిని మాత్రమే తోడే పంపు మన కణాలలో ఎక్కడా కనబడలేదు. శరీరం నీటిని ఒక చోటి నుండి మరొక చోటికి పంపదలచినప్పుడు ముందు లవణాలను పంపుతుంది. నీరు ద్రవాభిసరణం వల్ల వాటి వెంట పోతుంది. కింద చెప్పబోయే విషయాలన్నిటికీ ఇదే మూలం.

సమస్థితి

శరీర కణాలకు తమ చుట్టూ ఉన్న ద్రవమే అసలైన పరిసరం అని 19వ శతాబ్దంలో ఫ్రెంచి శాస్త్రవేత్త క్లాడ్ బెర్నార్డ్ చెప్పాడు. ఆ భావానికి నేడు శాస్త్రలోకంలో వాడుకలో ఉన్న 'హోమియోస్టాసిస్' అనే పేరు పెట్టింది వాల్టర్ కానన్, 1926లో. సుబ్బారావు పనిచేస్తున్న రోజులలో కానన్ కూడా అదే కళాశాలలో ఆచార్యుడు.

ఎండలో కష్టపడి పనిచేసే మనిషికి గంటకు ఒక లీటరు, ఒక్కొక్కప్పుడు అంతకు మించి చెమట పోవచ్చు. ఒక లీటరు చెమట ఆవిరైతే సుమారు 580 కిలో కాలరీల వేడి శరీరాన్ని విడిచిపోతుంది. నీరు తగ్గి రక్తం చిక్కబడగానే మెదడులోని హైపోథాలమస్ దానిని పసిగట్టి దాహం పుట్టిస్తుంది, పీయూష గ్రంథి నుండి ఒక హార్మోనును విడుదల చేయిస్తుంది. ఆ హార్మోను మూత్రపిండాల నాళికల త్వచాలలో ఆక్వాపోరిన్ల సంఖ్యను పెంచుతుంది. రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడపోసే మూత్రపిండాలు దానిలో ఒకటిన్నర లీటరు మాత్రమే మూత్రంగా వదలడం, ఎండాకాలంలో అది ఇంకా తగ్గి ముదురు పసుపు రంగులోకి మారడం ఇందువల్లనే. కొన్ని రోజులు ఎండకు అలవాటు పడినవారి చెమటలో ఉప్పు కూడా తగ్గుతుంది. ఇది ఆల్డోస్టిరాన్ అనే హార్మోను ప్రభావం. అలవాటు లేనివారిని మొదటి రోజే పూర్తి పనికి దింపరాదనడానికి ఇదొక కారణం.

చెమటతో ఉప్పు కూడా పోతుంది. గంటల తరబడి చెమటోడ్చి మితిమీరి వట్టి నీళ్లే తాగితే రక్తంలోని సోడియం పలుచబడుతుంది. ఉప్పు వేసిన మజ్జిగ, అంబలి తాగే అలవాటు శాస్త్రానికి అనుగుణమైనదే.

విరేచనాలు, ఉప్పు-చక్కెర నీళ్లు

విరేచనాలు పట్టిన పిల్లలకు నీళ్లిస్తే అవి ఇంకా ఎక్కువవుతాయని నీళ్లు మాన్పించేవారు ఇంకా ఉన్నారు. ఇది ప్రాణాంతకమైన పొరపాటు. పిల్లలు చనిపోయేది చాలావరకు నీరు, లవణాలు పోవడం వల్లనే. కలరా విషం పేగు కణాల చేత క్లోరైడును బయటికి విడుదల చేయిస్తుంది. సోడియం, నీరు దాని వెంట పోతాయి. అయితే పేగు కణాలలోని మరొక ద్వారాన్ని ఆ విషం మూయలేదు. అది సోడియాన్ని, గ్లూకోజును కలిపి లోపలికి తీసుకునే ప్రోటీను. ఇలా రెండూ జతగా పోతాయని 1960లో రాబర్ట్ క్రేన్ ప్రతిపాదించాడు. ఉప్పు, చక్కెర కలిసి లోపలికి పోతే నీరు వాటి వెంట వెళ్తుంది. 1971లో బంగ్లాదేశ్ యుద్ధకాలంలో పశ్చిమ బెంగాల్‌లోని బనగావ్ కాందిశీకుల శిబిరంలో సెలైన్ సీసాలు చాలనప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఈ ద్రావణాన్ని నోటి ద్వారానే ఇప్పించి ఎందరినో బ్రతికించాడు.

2002లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సవరించిన ఓఆర్ఎస్ పొట్లంలో లీటరు నీటికి గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు, పొటాషియం క్లోరైడ్ 1.5 గ్రాములు, ట్రైసోడియం సిట్రేట్ 2.9 గ్రాములు ఉంటాయి. పాత పొట్లంలో గ్లూకోజు, ఉప్పు ఇంతకంటే ఎక్కువ. పొట్లం దొరకనప్పుడు లీటరు శుభ్రమైన నీటిలో ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు తలకొట్టి కలిపి ఇవ్వవచ్చు. కొలత తప్పకూడదు. చక్కెర ఎక్కువైతే అది పేగులోనే మిగిలి నీటిని తనవైపు లాగి విరేచనాలను పెంచుతుంది. తీపి కూల్‌డ్రింకులు పనికిరాకపోవడానికి కారణం ఇదే. ఉప్పు ఎక్కువైతే పసిపిల్లలకు మరింత ప్రమాదం. వడదెబ్బ తగిలి స్పృహ తప్పినవారికి నోటి ద్వారా ఏదీ పోయరాదు. శరీరాన్ని తడిపి చల్లబరుస్తూ వెంటనే ఆసుపత్రికి చేర్చాలి.

మొక్కలలో

వేరు నూగు కణాల లోపలి ద్రవం నేల నీటికంటే చిక్కగా ఉన్నంతవరకే వేరు నీటిని పీల్చగలదు. ఉప్పు తేలిన నేలలో తడి ఉన్నా పైరు వాడిపోవడం, మొదటి దగ్గర యూరియా ఎక్కువ పడిన మొక్క మాడిపోవడం ఈ సూత్రం వల్లనే. ఆకులలోని పత్రరంధ్రాలు తెరుచుకోవడం, మూసుకోవడం రక్షక కణాలలోకి పొటాషియం రాకపోకలను బట్టి జరుగుతాయి.

వ్యతిరేక ద్రవాభిసరణం

ఉప్పునీటి మీద దాని ద్రవాభిసరణ పీడనాన్ని మించిన ఒత్తిడి పెడితే నీరు చిక్కని వైపు నుండి పలుచని వైపునకు తిరుగుతుంది. గ్రామాలలో ఆర్‌ఓ ప్లాంట్లు పనిచేసేది ఇలాగే. వాటిలోని పాలిమర్ పొర లవణాలతో పాటు ఫ్లోరైడునూ చాలావరకు ఆపుతుంది. శుద్ధి కాగా మిగిలిన చిక్కని ఉప్పునీటిని పొలాల్లోకి, బావుల దగ్గరికి వదిలితే పై విభాగంలో చెప్పిన నష్టమే కలుగుతుంది.