దారి ఎదురుగా లేదు... పక్కన ఉంది!

రచ్చబండ కాలక్షేపం - బుర్రకు పదును

చీమకుర్తి: పెద్ద గ్రానైట్ రాయి ఎక్కించుకున్న లారీ ఒకటి వంతెన కింద ఇరుక్కుంది. రాయి పైఅంచు వంతెనకు తగులుతోంది. బండి ముందుకు పోదు, వెనక్కు రాదు. రాయి దించటానికి క్రేను లేదు. వంతెనను పగలగొట్టే వీలు లేదు. ఏం చెయ్యాలి?

టైర్లలో కొంత గాలి తీస్తే సరి! లారీ రెండంగుళాలు కిందికి దిగుతుంది. మెల్లగా బయటికి నడిపి మళ్లీ గాలి కొట్టించుకోవచ్చు. అందరి చూపూ పైన రాయి మీద, వంతెన మీద ఉంటే, జవాబు కింద చక్రాల్లో దాక్కుని ఉంది.

గెలాక్సీ రాయి లారీలు తిరిగే చీమకుర్తి వాసులకు ఈ చిక్కు ఇట్టే కళ్లకు కడుతుంది. లెక్క కాదు, పొడుపు కథ కాదు. ప్రశ్నను పక్కనుంచి చూస్తే తప్ప విడిపోని ముడి ఇది. ఇటువంటి ఆలోచనకు 1967లో ‘లేటరల్ థింకింగ్’ అని పేరు పెట్టినవాడు ఎడ్వర్డ్ డి బోనో. మాల్టా ద్వీపంలో పుట్టిన వైద్యుడు. గొయ్యి ఒకచోట తవ్వుతూ దాన్నే ఇంకా లోతు చేస్తే అది మరోచోట గొయ్యి కాదు కదా అనేవాడు. మన మెట్ట రైతుకు ఈ మాట వివరించి చెప్పనక్కరలేదు. నీళ్లు పడని బోరునే ఇంకా కిందికి దించటం ఒక పద్ధతి. చోటు మార్చి చూడటం మరో పద్ధతి.

సంచిలో రెండు రాళ్లు

డి బోనో తన పుస్తకంలో చెప్పిన కథ ఒకటి లోకమంతా తిరిగింది. అప్పు తీర్చలేని వర్తకుడి కూతురిపై షావుకారు కన్నుపడింది. ‘సంచిలో ఒక నల్లరాయి, ఒక తెల్లరాయి వేస్తాను. పిల్ల ఒకటి తియ్యాలి. నల్లది వస్తే నన్ను పెళ్లాడాలి, అప్పు రద్దు. తెల్లది వస్తే పెళ్లి లేదు, అప్పూ రద్దు. తియ్యనంటే తండ్రికి జైలు’ అన్నాడు. అని, దారిలోని రెండు నల్లరాళ్లనే సంచిలో వేశాడు. పిల్ల అది చూసింది.

మోసమని అరిస్తే షావుకారు పగబడతాడు. మాట్లాడకుండా తీస్తే పెళ్లి తప్పదు. ఆ పిల్ల చెయ్యి పెట్టి ఒక రాయి తీసింది. ఎవరూ చూడకముందే జారవిడిచినట్లు కింద పడేసింది. అది దారిలోని రాళ్లలో కలిసిపోయింది. ‘అయ్యో! పోనీండి, సంచిలో మిగిలినదాన్ని చూస్తే నేను తీసింది ఏదో తెలుస్తుందిగా’ అంది. మిగిలింది నల్లది. అంటే తీసింది తెల్లదని షావుకారే ఒప్పుకోవలసి వచ్చింది!

అందరూ తీసే రాయిని గురించే ఆలోచిస్తారు. ఆ పిల్ల మిగిలే రాయిని గురించి ఆలోచించింది.

ముగ్గు చుక్కల్లో ముడి

ఇక ఇంటి ముందు ముగ్గులోనే చూడవచ్చు. వరసకు మూడు చొప్పున మూడు వరసల్లో తొమ్మిది చుక్కలు పెట్టాలి. చెయ్యి ఎత్తకుండా నాలుగే నాలుగు తిన్నని గీతలతో అన్ని చుక్కలనూ కలపాలి. 1914లో అచ్చయిన శామ్ లాయిడ్ అనే అమెరికా వాసి పజిళ్ల పుస్తకంలో ఈ చిక్కు ఉంది.

చాలామంది ఓడిపోయేది ఒకే కారణం వల్ల. గీత చుక్కల చట్రం దాటకూడదని తమకు తామే ఒక నియమం పెట్టుకుంటారు. ప్రశ్నలో ఆ మాట ఎక్కడా లేదు! పైవరస ఎడమ చుక్క నుంచి కుడికి గీస్తూ, మూడో చుక్క దాటి మరో చుక్కంత దూరం పోవాలి. అక్కడినుంచి ఏటవాలుగా కిందికి దిగుతూ రెండు చుక్కలు కలిపి, ఎడమ నిలువు వరస కిందికి చేరాలి. ఆ వరస వెంట పైకి బయలుదేరిన చోటికి రావాలి. చివరి గీత అక్కడినుంచి నడిమి చుక్క మీదుగా కుడి మూలకు.

దోమ గొంతులో ఏనుగులు

ఈ విద్య మనకు కొత్తదేమీ కాదు. అవధానాల్లో సమస్యాపూరణం ఇదే కదా! అర్థం లేనట్లు, అసంభవంగా, కొన్నిసార్లు అసభ్యంగా కనిపించే ఒక పాదం పృచ్ఛకుడు ఇస్తాడు. ముందు పాదాలు అల్లి దానికి నిండైన అర్థం తేవటం అవధాని పని. ఏనుగుల గుంపు దోమ గొంతులో దూరిందన్న సమస్యను తెనాలి రామకృష్ణుడు పూరించాడన్న కథ తెలుగునాట ఎరగనివారుండరు. మహావీరులైన పాండవులు విధివశాన విరటుడి కొలువులో చేరటమే ఆ వింత అని చెప్పాడట. ఏనుగు, దోమ అన్న మాటలను మార్చలేదు. వాటిని చూసే చూపు మార్చాడు.

నరసరావుపేట ప్రాంతంలోని కొప్పరం నుంచి వచ్చిన కొప్పరపు సోదర కవులు 20వ శతాబ్దం తొలి దశకాల్లో ఆశుకవిత్వంతో సభలను ఊపేశారు. ఆ గడ్డకు ఆమడల దూరంలోనే ఉన్న మన పల్లెలకు ఇది పరాయి విద్య ఎట్లా అవుతుంది?

ఆడే తీరు

ఖర్చు లేని ఆట ఇది. జవాబు తెలిసినవారు ఒకరు చిక్కు చెబుతారు. మిగతావారు ప్రశ్నలు వెయ్యాలి. దానికి ‘అవును’, ‘కాదు’, ‘దానితో పనిలేదు’ అని మాత్రమే బదులు వస్తుంది. పొగాకు బ్యారన్ దగ్గర రాత్రంతా మంట కనిపెట్టుకుని ఉండేవారికి, కల్లంలో మిరప తాలుకాయలు ఏరేవారికి చేతిపని ఆగకుండా కాలం గడుస్తుంది. చదువు రానివారు కూడా పంతులుగారిని ఓడించవచ్చు.

అయితే చిక్కు ప్రశ్నలు మందు కాదు. ఏ సాధనైనా ముఖ్యంగా ఆ పనిలోనే నేర్పు పెంచుతుంది. మతిమరుపు వ్యాధిని ఆపుతాయన్న ప్రచారానికి గట్టి రుజువు లేదు. మరి మేలేమిటి? ‘ఈ నియమం ఎవరు పెట్టారు? నాకు చెప్పనిదేమిటి?’ అని అడిగే అలవాటు.

ఆ అలవాటు ఈ రోజుల్లో డబ్బు కాపాడుతుంది. ‘మీ బ్యాంకు ఖాతా ఆగిపోవాలా, ఫోనుకు వచ్చిన అంకెలు చెబుతారా?’ అని ఒక గొంతు తొందరపెడుతుంది. షావుకారు సంచి వంటిదే ఇది. రెండూ నల్లరాళ్లే! ఫోను పెట్టేసి బ్యాంకుకు నడవటమన్న మూడో దారి ఆ ప్రశ్నలో ఉండదు. ‘ఈ ధర ఇవాళే, రసీదు లేకుండా అయితేనే’ అని పత్తి విత్తనాలు అంటగట్టేవాడి మాటా అంతే. రెండు దారులే ఉన్నాయని ఎవరైనా చెబితే, ఆ మాట వల్ల లాభం ఎవరికో ముందు చూడాలి.

మీరూ విప్పండి

1. జోరువానలో గొడుగు, టోపీ లేకుండా ఒకాయన నడిచాడు. బట్టలన్నీ తడిశాయి. తలమీద ఒక్క వెంట్రుక కూడా తడవలేదు. ఎట్లా?

2. ఇద్దరు తండ్రులు, ఇద్దరు కొడుకులు మూడు మామిడిపళ్లు పంచుకున్నారు. తలా ఒక పండు వచ్చింది. ఎట్లా?

3. నేలలో నిలువుగా పాతిన మూరెడు గొట్టంలో ప్లాస్టిక్ బంతి పడింది. కింది మూత బిగువుగా ఉంది. చెయ్యి దూరదు, గొట్టం పెరకరాదు. బంతిని ఎట్లా తియ్యాలి?

4. గుండ్లకమ్మ ఒడ్డున పులి, మేక, గడ్డిమోపుతో ఒకడున్నాడు. పడవలో తనతోపాటు ఒక్కదానికే చోటు. వదిలిపెడితే పులి మేకను, మేక గడ్డిని తింటాయి. దాటేదెలా? (తోడేలు, మేక, క్యాబేజీలతో ఇదే చిక్కు 8వ శతాబ్దపు పండితుడు ఆల్కుయిన్ పేరిట ఉన్న లాటిన్ పుస్తకంలో ఉంది.)

జవాబులు: 1. తిరుపతిలో తలనీలాలిచ్చి వచ్చాడు. 2. వారు తాత, తండ్రి, మనవడు. 3. గొట్టంలో నీళ్లు పోస్తే బంతి తేలి వస్తుంది. 4. ముందు మేకను దాటించాలి. తర్వాత పులిని దాటించి, మేకను వెనక్కు తేవాలి. మేకను ఇవతల దించి గడ్డిని దాటించాలి. చివరకు మేకను. దాటించినదాన్ని వెనక్కు తేకూడదని ఎవరూ అనలేదుగా!